మూడో కాపీ

"ఏమ్మే, హోస్టింగంటే ఏందో రెండు ముక్కల్లో సెప్పు. రాసుకుంటా."

దేవేంద్ర హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అట్ట, అట్ట మీద తెల్లకాగితం, చేతిలో కొత్త పెన్ను. వంటింట్లో అతని భార్య హేమశ్రీ రెండు చేతులా తెడ్డు పట్టుకుని సంగటి కెలుకుతోంది. రాగిపిండి పోశాక తెడ్డు ఆపితే ఉండలు కడుతుంది. ఉండలు కడితే అత్త గంగులమ్మ ముద్ద విరిచి అందరికీ చూపించి, తినకుండా లేచిపోతుంది.

మర్నాడు తిరుపతిలో చిరువ్యాపారుల సభ. ఆహ్వానపత్రంలో 'నగరి నేత చీరలను ప్రపంచానికి పరిచయం చేసిన శ్రీ దేవేంద్ర' అని అచ్చేశారు. ఆయన మాట్లాడవలసిన విషయం వెబ్‌సైటు తయారీ, హోస్టింగు, డేటా రక్షణ. అనుభవం మీద సలహాలు చెప్పాలి. చెప్పినవారికి శాలువా కప్పుతారు. శాలువా ఏ రంగో దేవేంద్ర నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి కనుక్కున్నాడు. హోస్టింగ్ అంటే ఏమిటో మాత్రం ఇప్పుడు కనుక్కుంటున్నాడు.

"వెబ్‌సైటు అంగడి అనుకో," అంది హేమశ్రీ పొయ్యి దగ్గర నుంచే. "హోస్టింగనేది అంగడి పెట్టుకునే జాగా. ఏడాదికింత అని బాడిగ కట్టాల. సౌకగా, తక్కువ బాడిగకే వస్తాదని యాడబడితే ఆడ పెడితే, గిరాకీ వచ్చినప్పుడే అంగడి మూతబడతాది. అంగడి పేరు మళ్ళా వేరే కొనాల. దాన్ని కూడా ఏడాదేడాదికీ పొడిగించుకోవాల. మరిసిపోతే ఇంకోడు కొనేసుకుంటాడు."

"నిదానంగా సెప్పు మే. నేనేమన్నా మిషనా?"

నిదానంగానట! హేమశ్రీ పళ్ళు కొరుక్కుంది. ఈ ఇంట్లో తను నిదానంగా చేసిన పని ఒక్కటంటే ఒక్కటి ఎవరైనా చూపించగలరా? కరోనా వచ్చిన ఏడాది అంగళ్ళు మూతబడి, నేసిన చీరలు అటక మీద మూటలుగా పడి ఉంటే, తిరుపతి పాలిటెక్నిక్‌లో చదివి మరిచిపోయిన చదువును తవ్వి తీసి సైటు కట్టింది ఆమె. వాకిలి ఊడ్చి, ఇంటిల్లిపాదికీ వండి, కూతురు మోనికను బడికి పంపి, మగ్గాలకు బాబిన్లు చుట్టి, అందరూ కునుకు తీసే వేళ కంప్యూటర్ ముందు కూర్చునేది. చీరలకు ఫొటోలు తీయడం, 'మేడమ్, రంగు పోతుందా' అని అడిగేవాళ్ళకు జవాబులివ్వడం, పార్సిళ్ళకు చిరునామాలు అంటించడం. అన్నిటికన్నా ముందు అంచుకు డిజైన్ గీయడం. గీయడమంటే బొమ్మ వేయడం కాదు. ఏ పోగు పైకి లేవాలో, ఏ పోగు కింద ఉండాలో కంప్యూటర్లో గడిగడికీ గుర్తు పెడితే గానీ కరెంటు మగ్గానికి అర్థం కాదు. ఒక్క మామిడిపిందె వంపు కుదరడానికి ఒకోసారి వారం పట్టేది. అలా ఆరేళ్ళలో రెండు వందలకు పైగా అంచులు, కొంగులు ఆమె చేతిలో పుట్టాయి. వాటిని ఇంట్లో 'దేవేంద్ర డిజైన్లు' అంటారు. ఆమె చేసే పనిని 'కంప్యూటర్ ముందర కూసోడం' అంటారు. "మా కోడలికేం, నీడ పట్టున కూసోనుంటాది," అని గంగులమ్మ వీధిలో అందరికీ చెబుతుంది.

"పేరు గురించి ఇంకేందో సెప్పినావే మొన్న?"

"పేరు మన పేరిటే కొనుక్కోవాల. సైటు సేసిచ్చేవాడి పేరిట పెట్టనీకూడదు. కాణిపాకంలో పూజసామాన్ల అంగడి ఆదిమూలమన్న గతేమాయ? సేసిచ్చినోడితో మాటామాటా వచ్చింది, వాడు పేరెత్తుకోని పాయ. పేరుతో పాటే గిరాకీ కూడా పాయ."

"ఇది బాగుండాది. 'మా మిత్రులు ఆదిమూలం గారికి నేను ముందే సెప్పినాను' అని మొదలుపెడతా."

ఆదిమూలానికి చెప్పింది ఎవరో ఆదిమూలానికి తెలుసు. హేమశ్రీ ఆ మాట పట్టించుకోలేదు. ఆమెను కుట్టింది వేరే. ఇంత తెలిసిన మనిషి ఆరేళ్ళ కిందట 'దేవేంద్ర టెక్స్' అనే పేరును దేవేంద్ర పేరిట, దేవేంద్ర ఫోన్ నంబరు మీద, తన చేత్తోనే కొని పెట్టింది. ఎవరూ లాక్కోలేదు, అడగను కూడా లేదు. మొగుడి పేరు కంప్యూటర్లో వెలుగుతుంటే చూసి మురిసిపోయింది కూడాను. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తుంది. ఒక్కసారి మాత్రం పేజీ అడుగున, కంటికి ఆనీ ఆనని అక్షరాల్లో 'రూపకల్పన: హేమశ్రీ' అని పెట్టుకుంది. రెండు రోజులైనా ఉండనివ్వలేదు. "అడుగున నీ పేరేంటికి మే? దేవేంద్రకు పని రాదనుకోరా జనం?" అన్నాడు. తీసేయడం కూడా అతనికి రాదు కాబట్టి ఆమె చేతే తీయించాడు.

"సరే, సైటు సూసేదానికి ఎట్టుండాల?"

"ఫోన్లో బిన్నా తెరుసుకోవాల. ఇంతింత లావు ఫొటోలు ఎక్కిస్తే, తెరుసుకునే లోపల వచ్చినోళ్ళు వెళ్ళిపోతారు. ధర దాసిపెట్టకూడదు. ఫోన్ నంబరు పైనే కనబడాల. సరుకు ఎవురు సేసినారో, యాడ సేసినారో ఒక పేజీలో నిజంగా సెప్పాల."

"నిజంగా... సెప్పాల," అని దేవేంద్ర పైకి చదువుకుంటూ రాసుకున్నాడు.

వాళ్ళ సైటులోనూ ఆ పేజీ ఉంది. 'మూడు తరాల నేతగాళ్ళు' అని పైన. కింద తాత, నాయన ఆదికేశవులు, ఆ తర్వాత దేవేంద్ర. మగ్గం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ అతని ఫొటో. నలభై ఏళ్ళుగా ఈ మగ్గాలకు బాబిన్లు చుట్టింది గంగులమ్మ అని హేమశ్రీ మొదట ఒక వాక్యం రాసింది. దాన్ని తీసేయమని పట్టుబట్టింది గంగులమ్మే. "ఆడదాని పేరు ఊరూరా సూడాల్నా? సిగ్గుండొద్దా?" అంది, నూలు చుట్టీ చుట్టీ కాయలు కాసిన వేళ్ళు కొంగులో దాచుకుంటూ. ఆ రోజు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో హేమశ్రీకి తెలియలేదు. ఇప్పుడైతే తల్లీకొడుకులిద్దరి మీదా ఉంది.

"పాస్‌వర్డ్ అన్నిటికీ ఒకటే పెట్టకూడదు. ఎవురికీ సెప్పకూడదు," అంది తనే.

"మొగుడికి కూడానా?" అని దేవేంద్ర పెద్దగా నవ్వాడు. హాల్లో ఓ మూల కూర్చుని లెక్కలు చేసుకుంటున్న మోనిక తలెత్తి చూసి, నవ్వకుండా మళ్ళీ పుస్తకంలోకి వంగింది. ఆదివారం కాబట్టి ఆ పిల్ల ఇంట్లోనే ఉంది. హేమశ్రీ ఫోన్ తెరిచే అంకెలు దేవేంద్రకు తెలుసు, గంగులమ్మకూ తెలుసు. దేవేంద్ర ఫోన్ అతని బొటనవేలికి తప్ప తెరుచుకోదు.

"ఆఖర్న డేటా రక్షణ. దాన్ని గట్టిగా సెప్పాల నేను, సభ దద్దరిల్లిపోవాల. ముందు రవంత కాఫీ ఇయ్యి."

ఆ మాట ఆ నోట విని హేమశ్రీకి ఒళ్ళు మండిపోయింది. సంగటి మీద మూత పెట్టి, పాలు పొయ్యి మీదికి ఎక్కించి, గోడకు ఆనుకుని నిలబడింది. డేటా రక్షణ! ఇదే హాల్లో వారం కిందట ఏం జరిగిందో ఈ మనిషికి అప్పుడే ఎలా మరుపు వచ్చింది?

ఆయుధపూజ నాడు ఈ ఇంట్లో మగ్గాలు ఆపి, కడిగి, పసుపు కుంకుమలు పెడతారు. కత్తెర నుంచి స్క్రూడ్రైవర్ దాకా కూడు పెట్టే ప్రతి వస్తువూ సామి ముందరికి చేరాలి. మర్నాడు మళ్ళీ పూజ చేసేదాకా ఎవరూ కదపకూడదు. ఈసారి దేవేంద్రకు కొత్త ఆలోచన వచ్చింది. లాప్‌టాప్ తెరిచి, సైటు కనబడేట్టు పెట్టి, దానికి హారతి ఇస్తుంటే వీడియో తీసి స్టేటస్‌లో పెట్టాలట. పక్కన హార్డ్‌డిస్క్ కూడా పెట్టాడు. కంప్యూటర్లో ఉన్నదానికంతటికీ నకలు ఆ డిస్కులో ఉంది. అసలునూ నకలునూ ఒక్కచోట పెట్టకూడదని హేమశ్రీ చెప్పి చూసింది. "సామి ముందర పెట్టేదానికి కూడా భయమేనా నీకు?" అన్నాడు.

ఆమె అప్పుడు దూరంగా ఉంది, అంటే ఆ మూడు రోజులూ పూజ జరిగే చోటికి రాకూడదు. హాలు గడప అవతల నిలబడి చూస్తోంది. మగ్గాలకు చల్లినట్టే గంగులమ్మ మామిడాకు ముంచి లాప్‌టాప్ మీద పసుపునీళ్ళు చల్లింది.

"అత్తా, కరెంటుండాది దాంట్లో! నీళ్ళు సల్లొద్దు!"

"నోరు మూసుకోని ఆడనే నిలబడు. మైలతో ఉండి పూజకాడ మాట్లాడతావా?"

"ఏయ్, వీడియోలో నీ గొంతు పడతాది, ఊరుకో," అన్నాడు దేవేంద్ర ఫోన్ దించకుండా.

రెండోసారి చల్లేసరికి తెర రెపరెపలాడి నల్లబడింది. వీడియో బాగానే వచ్చింది కాబట్టి దేవేంద్ర పట్టించుకోలేదు. తర్వాత గంగులమ్మకు దీపపు కుంది పెట్టడానికి చదునైన చోటు కావలసి వచ్చింది. నల్లగా, నున్నగా ఉన్న హార్డ్‌డిస్క్ ఆమెకు నచ్చింది. కుంది నుంచి నూనె కారి డిస్కు సందుల్లోకి దిగడం హేమశ్రీ గడప అవతల నుంచి చూస్తూనే ఉంది. మర్నాటి పూజ అయ్యేదాకా దాన్ని ఎవరూ కదపలేదు, ఆమెను కదపనివ్వలేదు.

తిరుపతిలో మరమ్మతు చేసేవాడు లాప్‌టాప్ విప్పి చూసి, బోర్డు కాలింది, లోపల ఉన్నది తీయడానికి కాదు అన్నాడు. డిస్క్ రెండుసార్లు కటకటమని ఊరుకుంది. ఇంక మిగిలింది సైటు. సైటులో ఉన్నవి చిన్నవిగా చేసి పెట్టిన ఫొటోలే, కొనేవాళ్ళు చూడటానికి తప్ప మగ్గం నేయడానికి పనికిరావు. మగ్గానికి తగిలించే పెన్‌డ్రైవ్‌లో ఆ వారం నేసే రెండు డిజైన్లే ఉన్నాయి. దీపావళికి ఆర్డర్లు వస్తున్నాయి, ఆరు మగ్గాల్లో నాలుగు నిలబడిపోయాయి. ఆన్‌లైన్‌లో ఒక నకలు దాచుకుందామని తను ఏనాడో అడిగితే, "గాలిలో దాసిపెట్టేదానికి నెలనెలా దుడ్డా?" అని కొట్టిపారేసినవాడు దేవేంద్రే. అది అతనికి గుర్తులేదు.

తప్పెవరిదో తేల్చింది గంగులమ్మ. "మైల మనిషి గడపలో నిలబడి అరిసింది. సామికి కోపం వచ్చింది."

దేవేంద్ర డిగ్రీ చదివినవాడు. అమ్మ మాటకు నవ్వేస్తాడనుకుంది హేమశ్రీ. "అమ్మ సెప్పేదాన్ని కూడా ఆలోచన సేయాల మే," అన్నాడు. తలకు పోసుకున్న రోజున ఆమె చేత లాప్‌టాప్‌కు సాంబ్రాణి పొగ వేయించి, దాని ముందర మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తప్పయిందని మూడుసార్లు చెప్పించారు. చెప్పింది. కాలిపోయిన కంప్యూటర్‌కు, దాన్ని కాల్చినవాళ్ళ ఎదురుగానే, చేతులు జోడించి మొక్కి చెప్పింది. గొడవ ఎందుకనుకుంది, ఒంట్లో ఓపిక లేక అనుకుంది. ఎవరూ చెప్పకుండానే మోనిక వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, "తప్పయింది సామీ," అంది. పదేళ్ళ పిల్ల. అమ్మ చేస్తే తనూ చేయాలనుకుంది. ఆ గొంతు హేమశ్రీ చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

సాయంత్రానికి దేవేంద్ర మెత్తబడ్డాడు. "అయిందేదో అయింది. మళ్ళా గీయి. ఇంట్లోనే గదా ఉండేది, నీకేం పని?"

ఆరేళ్ళ పనిని మళ్ళీ చేయమన్నాడు, చల్లారిన కాఫీ మళ్ళీ వెచ్చబెట్టమన్నంత తేలిగ్గా.

కానీ ఆరేళ్ళ పని పోలేదు. అది పుత్తూరులో, రేవతి ఇంట్లో ఇనుప బీరువాలో భద్రంగా ఉంది. రేవతి ఆమెతో పాలిటెక్నిక్‌లో చదువుకుంది, ఇప్పుడు చిన్న వ్యాపారులకు సైట్లు చేసిపెడుతుంది. నకలు ఒకటి ఇంటి బయట ఉండాలే అని పోరి పోరి అలవాటు చేసింది ఆమే. మోనికకు బట్టలు కొనడానికి పుత్తూరు పోయినప్పుడల్లా హేమశ్రీ కొత్త డిజైన్లు పట్టుకెళ్ళి అక్కడి డిస్కులో ఎక్కించి వచ్చేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

లాప్‌టాప్ పోయిన నాడే చెప్పి ఉండేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఒక్కరైనా, నీ డిజైన్లు పోయినాయే, నీ కష్టమంతా పోయిందే అంటారేమో అని ఒక పూట ఆగింది. "నా డిజైన్లన్నీ పాయ," అని దేవేంద్ర ఫోన్‌లో స్నేహితులకు చెప్పుకున్నాడు. "నా కొడుకు కష్టమంతా పాయ," అని గంగులమ్మ శోకాలు తీసింది. సాంబ్రాణి పొగ తర్వాత ఇక ఆగడం మానేసింది. జాకెట్ల లైనింగ్ గుడ్డ తెస్తానని పుత్తూరు బస్సెక్కింది. రేవతి కంప్యూటర్లో ఒక్కొక్క డిజైనూ తెరిచి చూసుకుంది, అన్నీ ఉన్నాయి. చూసుకుంటుంటే ఏడుపు వచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఆ మధ్యాహ్నమే 'హేమశ్రీ అంచులు' అని ఒక పేరు కొనుక్కుంది. తన పేరిట, తన నంబరు మీద. సైటు రేవతితో కూర్చుని అక్కడే మొదలుపెట్టింది.

అయినా ఇంటికి ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. ఆ మగ్గాలు ఆడితేనే మోనిక బడికి పోయేది. బుద్ధిగా అడిగితే ఇచ్చేద్దామా, అడగకపోయినా జాలిపడి ఇచ్చేద్దామా అని నాలుగు రోజులుగా కొట్టుకుంటోంది.

పాలు పొంగబోయాయి. కాఫీ కలిపి హాల్లోకి తీసుకెళ్ళి ఇచ్చింది. దేవేంద్ర గుక్క తాగి, పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"ఊఁ, డేటా రక్షణ. సెప్పు."

"ఒకటి పనిచేసే కంప్యూటర్లో ఉండాల. రెండోది వేరే డిస్కులో. రెంటినీ ఒకే సోట పెట్టకూడదు. మూడోది ఇంటి బయట, నమ్మకమైన సోట ఉండాల. ఇంటికి ఏమైనా అయితే అది మిగులుతాది."

దేవేంద్ర రాశాడు. 'మూడోది ఇంటి బయట' అని రాసి, కింద గీత గీశాడు. పెన్ను అక్కడే ఆగిపోయింది. మెల్లగా తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ వారంలో అతను ఆమె ముఖం చూడటం అదే మొదలు.

"మనకు మూడోది ఉండాదా?"

"మనకు లేదు. నాకుండాది."

అతనికి రెండో మాటే వినబడింది. అట్టా, కాగితమూ ఎగిరి పడ్డాయి. "అమ్మా! ఉండాదంట! డిజైన్లన్నీ ఉండాయంట!" అని పెరట్లోకి కేకేశాడు. గంగులమ్మ చేతిలో బాబిన్‌తోనే వచ్చి, విషయం విని, సామి పటం వైపు తిరిగి లెంపలు వేసుకుంది.

"సామి సల్లగా సూసినాడు," అంది కోడలితో ఆప్యాయంగా. "ఆ దినం తప్పయిందని మొక్కితివి సూడు, దానికే తిరిగొచ్చినాయి. నా మాట వింటే మంచే జరుగుతాది."

హేమశ్రీలో అంతకుముందు దాకా కాస్తో కూస్తో మిగిలి ఉన్న జాలి ఆ ఒక్క మాటతో పోయింది. పోవడం ఆమెకే స్పష్టంగా తెలిసింది.

"యాడుండాయి?" అన్నాడు దేవేంద్ర. "రేవతి కాడనా? ఇన్ని దినాలు ఏంటికి దాసినావు మే? మనింటి సొత్తు పరాయోళ్ళింట్లో పెట్టమని ఎవురు సెప్పినారు నీకు? పో, బిన్నా పోయి తీసుకోని రా. ఈ పూటే మగ్గాలెక్కిద్దాం."

"తేను."

"ఏందీ?"

"మీ సొత్తు ఆ లాప్‌టాప్‌లో ఉండె. దానికి మీరే నీళ్ళు సల్లి పూజ సేస్తిరి. పుత్తూర్లో ఉండేది నాది. నా పేరుతో సైటు కూడా పెట్టుకుంటా ఉండా."

గంగులమ్మ చేతిలోంచి బాబిన్ జారి దొర్లింది. మోనిక లెక్కల పుస్తకం మూసేసి తల్లినే చూస్తోంది. దేవేంద్ర లేచి నిలబడ్డాడు. ముఖం జేవురించింది, చెయ్యి సగం లేచింది కూడా. కానీ పెరటి వైపు నుంచి రెండు మగ్గాల చప్పుడు మాత్రమే వినబడుతోంది, మిగతా నాలుగూ నిలబడి ఉన్నాయి. అది అతనికీ వినబడింది. చెయ్యి దించుకున్నాడు.

"నా ఇంట్లో, నా కరెంటుతో గీసినవి నీవెట్లయితాయి మే?"

"కరెంటు నీదే. కూసోని మళ్ళా గీసుకో నువ్వు. ఇంట్లోనే గదా ఉండేది."

దేవేంద్ర గొంతు మారింది. "దీపావళి మీద పడింది హేమా. ఇప్పుడు నీకేం కావాలో సెప్పు."

ఎన్నేళ్ళ తర్వాతో తన పేరు ఆ నోట వచ్చింది. హేమశ్రీ దానికి కరగలేదు.

"అడుగు," అంది.

"ఏందడిగేది?"

"నువ్వు గీసిన డిజైన్లు మాకిస్తావా అని అడుగు. మీయమ్మ ఈడ ఉన్నట్టే, మోనిక ఇనేటట్టు అడుగు. అడిగినంక, ఇచ్చేదీ ఇయ్యందీ నేను ఆలోచన జేసి సెప్తా."